స్ప్రింగ్‌లు కొనే ముందు ఆగండి: పోలో జీటీ మీద నేను తగలేసిన మొదటి బోనస్

ఇక్కడ నేను రాసేది ఎప్పుడూ ఫోన్ల గురించే. ఏదో ఒక మిడ్‌రేంజ్ ఫోన్‌ని పొగుడుతూనో, ఏదో ఇయర్‌బడ్స్‌ని తిడుతూనో ఉంటాను. ఈసారి కారు. కారణం సింపుల్: గత నెలలో ముగ్గురు ఫ్రెండ్స్ నన్ను ఒకటే అడిగారు, "బ్రో, పోలోకి లోవరింగ్ స్ప్రింగ్‌లు ఏ బ్రాండ్ వేయించాలి?" అని. ముగ్గురికీ ఒకటే చెప్పాను. ఏదీ వద్దు, కనీసం ఇప్పుడు వద్దు. ఒకడు నమ్మాడు, ఒకడు నవ్వాడు, మూడోవాడు అప్పటికే ఆర్డర్ పెట్టేశాడు. ఆ మూడోవాడి కోసమైనా ఇది రాయాలి.

మన దగ్గర హాట్ హ్యాచ్ ఎప్పుడూ అందీ అందని సరుకే. 2016లో ఫోక్స్‌వ్యాగన్ అసలు సిసలు పోలో జీటీఐని తెచ్చింది. మూడు డోర్లు, 1.8 లీటర్ల టర్బో, 192 పీఎస్, ధర పాతిక లక్షల పైన. 2025లో గోల్ఫ్ జీటీఐ వచ్చింది, ఎక్స్‌షోరూమే దాదాపు 53 లక్షలు. ఆ డబ్బుతో మా ఊళ్లో ఇల్లు కట్టొచ్చు. అందుకే నాలాంటి వాళ్లకి హాట్ హ్యాచ్ అంటే 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐ: 1.2 లీటర్ టర్బో, 105 పీఎస్, 175 ఎన్ఎం, ఏడు గేర్ల డీఎస్‌జీ. 2022లో మన దేశంలో పోలో ఆగిపోయాక సెకండ్ హ్యాండ్‌లో దానికి ఇంకా గిరాకీ పెరిగింది.

నేను కొన్నది 2016 మోడల్. అప్పటికి 68 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్ సూపర్, గేర్‌బాక్స్ ఓకే, పెయింట్ ఫర్లేదు. సస్పెన్షన్ చూశానా? చూడలేదు. ఫోన్ కొనేటప్పుడు బ్యాటరీ హెల్త్ చూస్తాం, స్క్రీన్ మీద బర్న్ ఇన్ ఉందేమో చూస్తాం. కారు దగ్గరికొచ్చేసరికి యాక్సిలరేటర్ తొక్కి నవ్వుకుంటూ టోకెన్ అమౌంట్ ఇచ్చేశాను.

ఆ ఏడాది బోనస్ పడిన వారమే 28 వేలు పెట్టి దిగుమతి స్ప్రింగ్‌లు కొన్నాను. కారు 35 మిల్లీమీటర్లు కిందకి దిగుతుంది అని బాక్స్ మీద ఉంది. ఫిట్ చేసిన షాపు పేరు ఇక్కడ అనవసరం. మూడు గంటల్లో పాత షాక్ అబ్జార్బర్ల మీదే కొత్త స్ప్రింగ్‌లు ఎక్కించి బయటికి పంపారు. "షాకులు కూడా మార్చాలా అన్నా?" అని అడిగితే, "అవసరం లేదు తమ్ముడూ, ఇవి బానే ఉన్నాయి" అన్నారు. కారు పక్కకొచ్చి నిలబడి చూస్తే, చక్రానికీ ఫెండర్‌కీ మధ్య ఆ ఖాళీ పోయి... అబద్ధమెందుకు, చాలా అందంగా ఉంది. పార్కింగ్‌లో దిగాక వెనక్కి తిరిగి తిరిగి చూసుకునేవాణ్ణి.

నడిపితే మాత్రం కథ వేరు. గచ్చిబౌలి నుంచి ఓఆర్‌ఆర్ ఎక్కి, 100 దగ్గర ఫ్లైఓవర్ జాయింట్ తగిలితే కారు ఒకసారి ఎగిరి దిగి ఆగాలి కదా, మూడు నాలుగుసార్లు ఊగేది. నేను దాన్ని స్పోర్టీ ఫీల్ అనుకున్నాను! మనం డబ్బులు పెట్టిన వస్తువుని మన బుర్ర ఎంత వెనకేసుకొస్తుందో అప్పుడే తెలిసింది.

తర్వాత జులైలో ఒక సాయంత్రం, సన్నగా వాన పడుతోంది. ఓఆర్‌ఆర్ నుంచి సర్వీస్ రోడ్డుకి దిగే లూప్‌లో, స్పీడ్ 50 కూడా ఉండదు, మలుపు మధ్యలో రోడ్డు కొంచెం అలలా ఉంది. ముందు చక్రాలు ఆ అల మీదకి వెళ్లగానే అడుగున టక్‌మని ఒక శబ్దం. స్టీరింగ్ తిప్పే ఉంది, కారు మాత్రం తిన్నగా క్రాష్ బ్యారియర్ వైపు పోతోంది. ఈఎస్‌పీ లైటు టపటపా కొట్టుకుంది. నేను కాలు తీశాను, కారు ఎలాగో పట్టు దొరకబుచ్చుకుంది. బ్యారియర్‌కీ బంపర్‌కీ మధ్య ఒక అడుగు ఉందేమో. పక్క సీట్లో నాన్న. కర్నూలు నుంచి చెకప్‌కి వచ్చిన మనిషిని హాస్పిటల్ నుంచి ఇంటికి తీసుకెళ్తున్నాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నడుం పట్టుకుని, "ఎద్దులబండే నయం గదరా" అన్నాడు, అంతే.

ఆ టక్ శబ్దం ఏంటో తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. అది బంప్ స్టాప్. షాక్ పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు ఇనుముకి ఇనుము తగలకుండా ఉండే రబ్బరు ముక్క. కారుని 35 మిల్లీమీటర్లు దించామంటే, చక్రం పైకి కదలడానికి ఉన్న చోటులోంచి ఆ 35 కోసేశామని అర్థం. మామూలుగా గుంత పడినా చక్రం పైకెళ్లి రావడానికి జాగా ఉండేది, ఇప్పుడు మలుపులో కారు ఒక పక్కకి వాలితేనే అందులో సగం అయిపోతుంది. పైన ఒక చిన్న అల తగిలితే నేరుగా రబ్బరు మీదకి. ఆ క్షణంలో స్ప్రింగ్ గట్టిదనం ఒక్కసారిగా చాలా రెట్లు పెరిగినట్టు లెక్క. బయటి ముందు టైరు మీద బరువు అమాంతం పడుతుంది, టైరు పట్టు వదిలేస్తుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో దీని ఫలితం అండర్‌స్టీర్, అంటే మీరు తిప్పినా కారు తిరగదు. పైగా నా టైర్లు ఎప్పటివి? సైడ్‌వాల్ మీద చివరి నాలుగు అంకెలు చూశాను. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆరేళ్ల పాతవి. ట్రెడ్ ఉంది కానీ రబ్బరు గోరుతో గీకితే ప్లాస్టిక్‌లా ఉంది. ఎవరూ చూడమని చెప్పలేదు, నేనూ చూడలేదు.

ఇక్కడ కాస్త లెక్క చెప్తాను, బీటెక్‌లో వైబ్రేషన్స్ చదివినవాళ్లు గుర్తుపడతారు. మాది సీఎస్ఈ, నేను యూట్యూబ్‌లోనే నేర్చుకున్నాను. ముందు ఒక మూలన స్ప్రింగ్ మోసే బరువు ఉజ్జాయింపుగా 300 కిలోలు అనుకుందాం, చక్రం దగ్గర గట్టిదనం మిల్లీమీటర్‌కి 20 న్యూటన్లు అనుకుందాం. ఆ మూల సహజంగా ఊగే వేగం 1.3 హెర్ట్జ్ వస్తుంది. స్ప్రింగ్ 30 శాతం గట్టిపడితే సుమారు 1.5. అదే చవక కాయిలోవర్లు 50 న్యూటన్ల స్ప్రింగ్‌తో వస్తే 2 హెర్ట్జ్ దాటుతుంది. సౌకర్యంగా ఉండే కార్లు ఒకటీ ఒకటిన్నర మధ్య ఉంటాయి, స్పోర్టీ కార్లు దానిపైన రెండు దాకా. అంటే 30 శాతం స్ప్రింగ్ చూడ్డానికి ఘోరమేం కాదు. అసలు తేడా షాక్ దగ్గర వచ్చింది. స్ప్రింగ్ గట్టిపడి షాక్ అదే ఉంటే, ఊపుని ఆపే నిష్పత్తి దాదాపు 12 శాతం పడిపోతుంది. అది షాక్ కొత్తదైతే. 68 వేల కిలోమీటర్లు మన రోడ్ల మీద తిరిగిన షాక్ అప్పటికే సగం చచ్చి ఉంటుంది. గట్టి స్ప్రింగ్, చచ్చిన షాక్. నా ఓఆర్‌ఆర్ ఊపులకి కారణం ఇదే.

దీన్ని మీ ఫోన్‌తోనే చూడొచ్చు, ఈ సైట్‌కి సంబంధించిన ముక్క ఇదొక్కటే. జర్మనీలో ఆకెన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ఫైఫాక్స్ అనే ఫ్రీ యాప్ ఉంది, ఫోన్ సెన్సర్ల రీడింగ్‌లని గ్రాఫ్‌గా చూపిస్తుంది. ఫోన్‌ని డాష్‌బోర్డ్ మీదో సెంటర్ కన్సోల్ మీదో గట్టిగా టేప్ వేసి అంటించండి (మ్యాగ్నెట్ హోల్డర్ పనికిరాదు, అదే ఊగి రీడింగ్ పాడుచేస్తుంది). గ్రావిటీ లేని యాక్సిలరేషన్ రికార్డ్ పెట్టి, ఒకటే స్పీడ్ బ్రేకర్‌ని ఒకటే వేగంతో, 20 దగ్గర, ఐదారుసార్లు దాటండి. పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి, ఫోన్ చూస్తూ నడపకండి. షాకులు బాగుంటే పెద్ద అల ఒకటి, దాని వెనక చిన్నది ఒకటి, అక్కడితో గీత సద్దుమణుగుతుంది. నాది నాలుగు అలలు వేసింది. ఇది వర్క్‌షాప్ టెస్ట్‌కి సమానం కాదు, నాకు తెలుసు. కానీ "నాకు అలా అనిపిస్తోంది" అని షాపులో వాదించడం కన్నా గ్రాఫ్ చూపించడం నయం. కొత్త మెకానిక్ అన్న గ్రాఫ్ చూసి నవ్వాడు, వెంటనే బానెట్ మూల నొక్కి వదిలాడు. కారు రెండున్నరసార్లు ఊగింది. "నీ ఫోన్ కరెక్టే చెప్పింది తమ్ముడూ" అన్నాడు. లిఫ్ట్ మీద పెట్టాక ముందు కుడి షాక్ ఆయిల్ కారుతోందని తేలింది. లోయర్ ఆర్మ్ బుష్ చీలింది. లింక్ రాడ్ ఒకటి లూజు. ఇన్ని పెట్టుకుని నేను దాని కింద 28 వేల స్ప్రింగ్‌లు దూర్చాను.

ఇంకో విషయం, ఇది లుక్ కోసం కారు దించేవాళ్లకి ఎవరూ చెప్పరు. పోలో ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్, వెనక టోర్షన్ బీమ్. ఐ20 ఎన్ లైన్ అయినా, ఆల్ట్రోజ్ రేసర్ అయినా, మీ ఇంట్లో స్విఫ్ట్ అయినా ఇదే అమరిక. స్ట్రట్ ఉన్న కారుని దించితే గరిమనాభి కిందకి వస్తుంది, మంచిదే. కానీ లోయర్ ఆర్మ్ కోణం మారిపోయి, కారు ఏ బిందువు చుట్టూ వాలుతుందో ఆ రోల్ సెంటర్ దానికన్నా ఎక్కువ కిందకి జారుతుంది. రెండిటి మధ్య దూరం పెరిగితే కారుని వాల్చే మీట పొడుగు పెరిగినట్టే. అంటే మరీ ఎక్కువ దించిన కారు, వాలకుండా ఉండటానికి ఇంకా గట్టి స్ప్రింగ్ అడుగుతుంది. రేస్ టీములు దించినప్పుడు బాల్ జాయింట్ల పొడుగు మార్చి ఆ కోణాన్ని మళ్లీ సరిచేస్తాయి. మన షాపులో ఎవరు చేస్తారు? వెనక టోర్షన్ బీమ్‌లో క్యాంబర్, టో అడ్జస్ట్ చేసే బోల్టులే ఉండవు. అలైన్‌మెంట్ మెషీన్ మీద వెనక చక్రాల అంకెలు ఎర్రగా కనిపించినా ఆపరేటర్ ముందువే తిప్పి బిల్లు ఇస్తాడు.

మరి ఏం చేయాలి అంటే నా అభిప్రాయం మొండిగా ఒకటే: ముందు టైర్లు. కారుకీ రోడ్డుకీ మధ్య ఉన్న సంబంధం మొత్తం అరచేయంత నాలుగు రబ్బరు ముక్కలే. బ్రేకింగ్, మలుపు, వానలో పట్టు, మూడూ అక్కడే మొదలవుతాయి. నేను 16 అంగుళాల రిమ్స్ మీద 195/55 సైజే ఉంచి, మంచి కంపెనీ కొత్త టైర్లు వేయించాను, నాలుగూ కలిపి 38 వేలు. మొదటి వానలోనే తేడా తెలిసింది, యాప్ అవసరం పడలేదు. సైజు పెంచాలనిపిస్తే మొత్తం వ్యాసం లెక్క కట్టుకోండి. 195/55 ఆర్16 అంటే 621 మిల్లీమీటర్లు, 205/45 ఆర్17 అంటే 616, దాదాపు సమానమే. కానీ సైడ్‌వాల్ 107 నుంచి 92కి పడిపోతుంది. మెహిదీపట్నం గుంతలో ఆ 15 మిల్లీమీటర్లే మీ రిమ్‌ని కాపాడేవి. 17 అంగుళాల చవక రిమ్ బరువు కూడా ఎక్కువ. చక్రం బరువెక్కితే గుంత తర్వాత దాన్ని మళ్లీ రోడ్డుకి అంటించడం షాక్‌కి కష్టం. లోడ్ ఇండెక్స్ కంపెనీ ఇచ్చినదానికన్నా తగ్గకూడదు. గాలి ఎంత పెట్టాలో డోర్ దగ్గరో పెట్రోల్ మూత లోపలో స్టిక్కర్ ఉంటుంది, బంకు కుర్రాడు "35 కొట్టేస్తా సార్" అన్నది కాదు.

టైర్ల తర్వాత బుష్‌లు, లింక్ రాడ్లు, స్ట్రట్ మౌంట్లు. ఫొటో తీసి పెట్టుకోవడానికి పనికిరాని ఖర్చు ఇది, అందుకే ఎవరూ చేయరు. ఆ తర్వాత షాకులు. ఇక్కడ బడ్జెట్‌ని బట్టి దారులున్నాయి. కంపెనీ స్పెక్ కొత్త షాకులు ఒకటి. బిల్‌స్టీన్‌లో అయితే బీ4 కంపెనీ షాక్‌కి బదులు వేసేది, బీ6 అదే ఎత్తులో గట్టిది, బీ8 దించిన స్ప్రింగ్‌ల కోసం పొట్టిగా చేసింది. చూశారా, స్ప్రింగ్ అమ్మేవాడు "అవసరం లేదు" అన్నచోట షాక్ కంపెనీ ప్రత్యేకంగా ఒక మోడలే పెట్టింది. కోనీ స్పెషల్ యాక్టివ్ అని ఇంకోటి ఉంది, చిన్న చిన్న వేగమైన అదురులకి మెత్తగా, నెమ్మదిగా వచ్చే పెద్ద ఊపులకి గట్టిగా ఉంటుంది. మన రోడ్లకి సరిగ్గా సరిపోయే ఐడియా అది, నా జేబుకి సరిపోలేదు. నేను పాత కంపెనీ స్ప్రింగ్‌లే మళ్లీ ఎక్కించి (పారేయకుండా దాచడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని), నాలుగు కొత్త కంపెనీ స్పెక్ షాకులు వేయించాను. అలైన్‌మెంట్ చేయించాను. అదే స్పీడ్ బ్రేకర్, అదే 20. గ్రాఫ్‌లో ఒక అల, ఒక తోక.

వికారాబాద్ వైపు అనంతగిరి మలుపుల్లో ఇప్పుడు ఈ కారు, దించిన కారు కన్నా వేగంగా పోతుంది. గట్టిగా ఉండటం వేరు, పట్టు ఉండటం వేరు. టైరు రోడ్డుని వదలకుండా ఉంటేనే పట్టు. నున్నటి రేస్ ట్రాక్ మీద గట్టి సస్పెన్షన్ టైరుని రోడ్డుకి అంటించి ఉంచుతుంది. అతుకుల రోడ్డు మీద అదే సస్పెన్షన్ టైరుని గాల్లోకి లేపుతుంది.

కాయిలోవర్ల సంగతి. 32 క్లిక్కుల అడ్జస్ట్‌మెంట్ అని రాసి అమ్మే చవక కిట్లు నాకు 200 మెగాపిక్సెల్ అని రాసిన పదిహేను వేల ఫోన్‌లా కనిపిస్తాయి. క్లిక్ తిప్పితే లోపల నిజంగా ఎంత మారుతుందో చూపించే డైనో షీట్ అడగండి. ఇచ్చేవాడైతే మాట్లాడండి. కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో, చెన్నై ట్రాక్‌కో ఏడాదికి నాలుగుసార్లు వెళ్లేవాళ్లకి మంచి కాయిలోవర్లు అర్థవంతమే, వాళ్లతో నాకు పేచీ లేదు. ఆఫీస్, ఇల్లు, నెలకోసారి కర్నూలు తిరిగేవాళ్లకి ఆ డబ్బు దండగ. స్ట్రట్ బ్రేస్, అదే బానెట్ తెరవగానే ఎర్రగా మెరిసే రాడ్, మామూలు రోడ్ మీద దాని తేడా గుర్తుపట్టగలనని చెప్పేవాడితో కళ్లకు గంతలు కట్టి పందెం వేయడానికి నేను రెడీ.

వెనక యాంటీ రోల్ బార్ మీద మాత్రం నాకింకా ఆశ ఉంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు సహజంగా ముందు జారుతుంది. వెనక బార్ గట్టిపడితే బరువు మార్పిడిలో ఎక్కువ వాటా వెనక టైర్లు తీసుకుని ముందు టైర్లకి ఊపిరి వస్తుంది, కారు చురుగ్గా తిరుగుతుంది. కారు ఎత్తు తగ్గదు, సౌకర్యం పెద్దగా పోదు. కానీ వానలో మలుపు మధ్యలో భయపడి కాలు తీస్తే వెనక భాగం బయటికి రావచ్చు. నేను ఆ రోజు లూప్‌లో చేసింది సరిగ్గా అదే, కాలు తీయడం. ఆ రోజు వెనక గట్టి బార్ ఉండుంటే? అందుకే కార్ట్‌లో పెట్టి ఎనిమిది నెలలైంది, ఇంకా కొనలేదు.

చట్టం కూడా ఒకసారి చూసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖరాఖండిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని పెట్టారు. రోడ్డు మీద ఎవరు ఆపుతారులే అనుకోవచ్చు. యాక్సిడెంట్ అయ్యాక ఇన్సూరెన్స్ సర్వేయర్ కారు కింద చూస్తాడు. అరిగిన షాక్ బదులు కంపెనీ స్పెక్ షాక్ వేస్తే అది రిపేర్, ఎవరికీ ఏం చెప్పక్కర్లేదు.

ఆ 28 వేల స్ప్రింగ్‌లు ఇప్పుడు నా బాల్కనీలో ఉన్నాయి. ఒకడు 12 వేలకి అడిగాడు. "షాకులు ఎప్పటివి?" అని అడిగితే, "స్టాకే బ్రో, 80 వేలు తిరిగాయి, బానే ఉన్నాయి" అన్నాడు. షాకులు మార్చాక రా, అప్పుడు ఇస్తాను అన్నాను. మళ్లీ ఫోన్ చేయలేదు.

పోయిన సంక్రాంతికి నాన్నని అదే కారులో కర్నూలు తీసుకెళ్లాను. రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు. జడ్చర్ల దాటాక చూస్తే నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.